కృతజ్ఞతల పుస్తకం

విశ్వవిద్యాలయం,
ఉత్తరపు వసారా, పదమూడో గది.

అక్కా,

నేను క్షేమం. నువ్వు కూడా క్షేమమేనని నేనే తీర్మానించేశాను. ఆసుపత్రిలో పనిచేసే నర్సుకే జబ్బు చేస్తే ఆ పరువు తక్కువ ఆసుపత్రిది గానీ మనది కాదు.

ఇక శుభవార్త. ఎక్కడైనా కూర్చుని చదువు, నిలబడి చదివితే కళ్ళు తిరగొచ్చు. మన వంశంలో ఇంతవరకు ఎవరూ ఎరుగని ఉన్నత పదవి నీ తమ్ముణ్ణి వరించింది. నాలుగు వందల ఏళ్ళ చరిత్ర గల ఈ విద్యాలయంలో, తర్కశాస్త్ర శాఖలో, నేను సిరాబుడ్డి పట్టుకునేవాణ్ణి. పోయినేడు కూడా నేనే. పదవి పదిలపడేదాకా చెప్పకూడదని ఊరుకున్నాను.

ఇక్కడొక పాత నియమం ఉంది. గురువు శిక్ష వేస్తే చాలదు. శిక్ష పడ్డవాడు తన తప్పూ తన శిక్షా తన చేత్తోనే ఒక పుస్తకంలో రాసి, కింద "ఇందువల్ల నాకు మేలు కలిగింది, కృతజ్ఞుణ్ణి" అని సంతకం పెట్టాలి. అప్పుడుగాని శిక్ష చెల్లదు. మిగతా శాఖల్లో ఆ పుస్తకాలకు ఎప్పుడో బూజు పట్టింది. మాది మాత్రం నిండిపోతే రెండేళ్ళ కిందట కొత్తది తెరిచారు, అదీ నిండుకొస్తోంది. మా ఆచార్యులవారు ఆరడుగుల మనిషి, ఎటూ వంగరు. అందుకని దూలంగారంటాం. మామూలు దూలం ఇంటికప్పును మోస్తుంది. ఈయన కప్పు కింద ఉన్నవాళ్ళ నెత్తిన పడతారు, అంతే తేడా.

నా విధులు: శిక్ష పూర్తికాగానే పుస్తకం తేవడం, పేజీ తీసి పెట్టడం, బుడ్డి పట్టుకోవడం, సిరా ఒలికితే అద్దుడుకాగితం అందించడం. నాకు ఒరిగేదేమిటంటావా? బుడ్డి పట్టుకున్నవాణ్ణి దూలంగారు కొట్టరు. సిరా ఒలుకుతుంది కదా.

ఈ వారపు విశేషాలు. ఆలస్యంగా వచ్చినవాడికి రాతిగడప మీద మోకాళ్ళపై గంటసేపు. పాఠంలో దగ్గినవాడికి ఈ చలిలో బావి దగ్గర తడి అంగీతో ఒక పూట. ప్రశ్న అడిగినవాడికి మూడు రోజుల మౌనం. తర్కశాస్త్రంలో ప్రశ్న అడగడమేమిటి, బుద్ధి ఉండొద్దూ! పెద్దింటి పిల్లలు మాత్రం చిత్రంగా ఎప్పుడూ ఏ తప్పూ చెయ్యరు. వంశ సంస్కారం కాబోలు.

పక్క మంచం వాడి గురించి చెప్పలేదు కదూ. ముట్టుకుంటే ముడుచుకుపోతాడు కాబట్టి అత్తిపత్తి. వాడి మేనమామ కాగితం మిల్లులో పనిచేస్తాడట, నీలిగీతల కాగితం దస్తాలకు దస్తాలు పంపుతాడు. ఈ శాఖ మొత్తానికి అలాంటి కాగితం వాడి దగ్గరే ఉంది. ఈ ఉత్తరమూ దాని మీదే. అడిగితే వాడు లేదనలేడు. వాణ్ణి ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక నేను అడగను, తీసుకుంటాను.

వసంతంలో ఆఖరి పరీక్ష. ఆ తరువాత నీ తమ్ముడు పట్టభద్రుడు. అప్పుడు నన్ను "మీరు" అనాలి, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో.

నీ తమ్ముడు,
సిరాబుడ్డి పాలకుడు


నర్సుల వసతి,
మూడో అంతస్తు.

ఒరేయ్ తమ్ముడూ,

పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందన్న సామెత నీకోసమే పుట్టింది. మొదటి పేజీ గదిలో చదివి నవ్వాను. రెండోది వార్డులో చదివాను. మోకాలు వాచి కాలు మడవలేని మనిషికి అప్పుడే కట్టు కట్టి వచ్చాను. రాతిగడప దగ్గరికి వచ్చేసరికి నవ్వు రాలేదు.

నీ ఉద్యోగం గురించి మా ఆయాకు చదివి వినిపించాను. ఆవిడ ఒక్కటే అడిగింది: "మరి ఆ పిల్లలు రాస్తుంటే మీ తమ్ముడు ఎటు చూస్తుంటాడమ్మా?"

నాకు తెలియదన్నాను. నువ్వు చెప్పు.

ఏడాది పాటు దాచిన పదవంటే అదేదో నీకే నచ్చని పదవి అయ్యుంటుంది. చలికి ఛాతీకి గుడ్డ చుట్టుకో. ఆ అబ్బాయి కాగితం ఆ అబ్బాయిని అడిగి తీసుకో.

అక్క


పదమూడో గది.

అక్కా,

ఘోరం జరిగింది. వరసలో చెబుతాను. వరస తప్పితే చెప్పలేను.

మంగళవారం ఉదయం మా తరగతి గది తలుపుకు ఒక ప్రకటన అంటించి ఉంది. చేతిరాత ఎవరూ పోల్చుకోకుండా అచ్చులో పోసినట్టు విడివిడి అక్షరాలు. ఎవడో మహానుభావుడు. ఇదీ పాఠం:

"సంతాప ప్రకటన. మా ప్రియమైన నవ్వు, ఈ శాఖలో చిరకాలంగా మంచాన పడి ఉండి, నిన్న ఉదయం పాఠం మధ్యలో పరమపదించినదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. అంత్యక్రియలకు అందరూ ఆహ్వానితులే. ఆచార్యులవారు శ్రమ పడనక్కరలేదు. తమ వంతు పని వారు ముందే పూర్తిచేసియున్నారు."

రచన పటిష్ఠంగానే ఉంది, ఎవరిదైతేనేం. అందరం నవ్వాం. దూలంగారు వచ్చారు. చదివారు. చింపలేదు. మెల్లగా ఊడదీసి కిటికీ వెలుగుకు పట్టి చూశారు. నీలిగీతలు.

"ఈ కాగితం ఎవరిది?" అన్నారు.

వరసవరసకీ వెళ్ళి ఒక్కొక్కడి నోటుపుస్తకం తెరుస్తూ వచ్చి అత్తిపత్తి దగ్గర ఆగారు.

"నువ్వేనా రాసింది?"

"కాదండి."

"కాగితం నీదేనా?"

"నాదేనండి."

"నీ కాగితం మీద ఎవడు రాశాడో నీకు తెలియదా?"

వాడు తల వంచుకున్నాడు. ఎవరివైపూ చూడలేదు.

"తెలిసి చెప్పకపోతే అపరాధివి. తెలియదంటే అబద్ధాలకోరువి. ఏ దారిన వచ్చినా నువ్వు చేరేది ఇక్కడికే," అని అరచెయ్యి చాచి కుడిచెవి మీద కొట్టారు. మూడుసార్లు. అదే చోట. మూడోదానికి వాడు బల్ల పట్టుకున్నాడు.

తరువాత "పుస్తకం" అన్నారు. నేను తెచ్చాను.

కుడిపక్క నిలబడి చెప్పడం మొదలుపెట్టారు. వాడు కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "ధిక్కారమా!" అని మరొకటి వేశారు. అది ధిక్కారం కాదక్కా, వాడికి వినపడలేదు. చివరికి పాత పేజీలో ఆ వాక్యం వేలితో చూపిస్తే అది చూసి రాశాడు. కృతజ్ఞుణ్ణి. వంగి సంతకం పెడుతుంటే చెవిలోంచి ఒక చుక్క పేజీ మీద పడింది. నేను అద్దుడుకాగితం అందించాను. అదే కదా నా పని.

మీ ఆయా అడిగింది కదూ. బుడ్డిలోకి చూస్తుంటాను.

వాణ్ణి తరగతి నుంచి గెంటేశారు. విద్యాలయం నుంచే బహిష్కరించమని పాలకమండలికి రాశారు. ఇక్కడి వైద్యుడు దూలంగారితో రోజూ చదరంగం ఆడే మనిషి, జలుబన్నాడు. జలుబట! ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి రేపటి బండికి నీ దగ్గరికి పంపుతున్నాను. చూడు అక్కా.

తమ్ముడు


ఆసుపత్రి,
చెవి ముక్కు గొంతు వార్డు.

తమ్ముడూ,

మీ అత్తిపత్తి వచ్చాడు. చలిలో నాలుగు గంటల ప్రయాణం, ఒక చేత్తో సంచి, ఒక చేత్తో చెవి.

కర్ణభేరి చిరిగింది. లోపల చీము పట్టింది. మా డాక్టరుగారు రెండుసార్లు చూశారు, మూడోసారి పెద్దాయన్ని పిలిచి చూపించారు. ప్రాణానికి భయం లేదు. ఆ చెవి మాత్రం ఇక పనిచెయ్యదు. పంతొమ్మిదేళ్ళవాడికి ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది, ఎడమవైపుకి వెళ్ళి. "సరేనండి" అన్నాడు. అంతే.

సూది వేస్తే కృతజ్ఞుణ్ణంటాడు. దుప్పటి మారిస్తే కృతజ్ఞుణ్ణంటాడు. ఆ మాట ఇంకోసారి నోట్లోంచి వస్తే మంచం మీంచి దింపేస్తానన్నాను. ఆయా పక్కనుంచి, "మా నర్సమ్మ అన్నంత పనీ చేస్తుంది బాబూ, వీపు కింద దిండు కూడా లాగేస్తుంది," అంది. అప్పుడు నవ్వాడు. నవ్వితే నొప్పి, మళ్ళీ నోరు మూసుకున్నాడు.

నాకు కోపం ఆగడం లేదురా. వార్డులో తాగొచ్చి భార్యను కొట్టినవాణ్ణి చూశాను. వాడు కనీసం మర్నాడు వచ్చి మొహం దాచుకున్నాడు. మీవాడు కొట్టి, కొట్టించుకున్నవాడి చేత మెప్పు రాయించుకుని, దాన్ని అట్టవేసి దాచుకుంటాడా? నాలుగు వందల ఏళ్ళుగా మీరు అక్కడ నేర్చుకున్నది ఇదా? తరగతిలో ముప్పైమంది ఉన్నారట. ముప్పైమందికీ కలిపి ఒక్క నోరు లేకపోయిందా?

ఆ ప్రకటన ఎవరు రాశారని అడిగాను. కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

నువ్వు కళ్ళారా చూశావు. మండలికి రాయి. డాక్టరుగారి కాగితం జతపరిచాను.

అక్క


పదమూడో గది.

అక్కా,

డాక్టరుగారి కాగితం అందింది. చదివి గోడకు గుద్దితే చెయ్యి వాచింది, గోడ కులాసాగానే ఉంది. నాలుగు వందల ఏళ్ళ గోడ కదా, ఇలాంటివి చాలా చూసి ఉంటుంది.

ఇది విద్యాలయమా, కసాయి దుకాణమా? దుకాణంలో కనీసం మేక చేత సంతకం పెట్టించుకోరు! గోడల నిండా జ్ఞానం గురించి చెక్కిన సూక్తులు, వాటి కిందే మోకాళ్ళ మీద పిల్లలు. దూలంగారు మనిషి కాదు, చదువు రూపంలో తిరుగుతున్న తెగులు. ఈ మాట నలుగురిలో అనాలనే ఉంది.

కానీ విను. నిన్న దూలంగారు తమ గదికి పిలిపించారు. కూర్చోమన్నారు. రెండేళ్ళలో మొదటిసారి.

"ఏమయ్యా, ఇన్నాళ్ళలో నీ చేతికి సిరా అంటుకుందా?"

"లేదండి."

"అంటకూడదు. పుస్తకం మోసేవాడు సాక్షి. వచ్చే గురువారం మండలి కూర్చుంటుంది. ఈ సంతకాలన్నీ పిల్లలు ఇష్టపూర్వకంగానే పెట్టారని నువ్వు ప్రమాణం చెయ్యాలి. నీ పట్టా సంగతి నాకు వదిలెయ్."

చేస్తాననలేదు. చెయ్యననీ అనలేదు. పరీక్ష ఇంకా ఆరు వారాలు. ఇప్పుడు ఎదురు తిరిగితే మూడేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే. పట్టా చేతికొచ్చాక, తీరిగ్గా, గట్టిగా, పత్రికలకెక్కి మరీ చెబుతాను. అప్పుడు నా మాటకు విలువుంటుంది. ఇప్పుడు నేనెవర్ని? బుడ్డి పట్టుకునేవాణ్ణి. ఆలోచించు, నాదీ తర్కమే కదా.

అత్తిపత్తిని అడిగానని చెప్పు. వాడి మంచం మీద దుప్పటి రోజూ దులుపుతున్నాను.

తమ్ముడు


నర్సుల వసతి.

తమ్ముడూ,

నీకు పదేళ్ళప్పుడు పెద్దమ్మ చక్కెర డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. మర్నాడు వంటింటి తలుపుకు ఒక కాగితం. "సంతాప ప్రకటన. మా ప్రియమైన చక్కెర డబ్బా నిన్న సాయంత్రం బీరువాలో పరమపదించినదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. పెద్దమ్మగారు శ్రమ పడనక్కరలేదు." అచ్చులో పోసినట్టు విడివిడి అక్షరాలు. పెద్దమ్మ పనిపిల్లను అనుమానించి ఆ పూట తిండి పెట్టలేదు. నువ్వు సాయంత్రం దాకా నోరు విప్పలేదు. నాకు జ్ఞాపకం లేదనుకున్నావా?

నువ్వు రెండో ఉత్తరంలో దాన్ని పొల్లుపోకుండా రాసినప్పుడే కొంచెం అనుమానం వచ్చింది. "రచన పటిష్ఠంగానే ఉంది" అట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అనలేదు. కాదేమోలే, నా తమ్ముడు కదా అని పదిహేను రోజులు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. నిన్నటి ఉత్తరంతో అదీ పోయింది. దూలం గురించి ఎంత బాగా మండిపడ్డావు! కసాయి, మేక, తెగులు. నీ గురించి ఒక్క వాక్యం లేదు.

ఆ అబ్బాయికి తెలుసు. ఆ రోజే తెలుసు. తన దస్తాలోంచి కాగితం తీసేది ఎవరో తెలియకుండా ఉంటుందా? నిన్న సూటిగా అడిగాను. "చెప్పడానికి వాడికి నోరుంది కదండీ" అన్నాడు.

కొట్టింది నువ్వు కాదు. ఆ పాపం పూర్తిగా ఆ ముసలివాడిదే, అందులో నీకు వాటా పెట్టను. ఒక నవ్వులాట కాగితానికి చెవి పగలగొట్టేవాడు తలుపుకు ఏది అంటించినా పగలగొడతాడు. కానీ మొదటి దెబ్బకీ రెండో దెబ్బకీ మధ్య "నేను" అనడానికి చోటుంది. రెండుకీ మూడుకీ మధ్య కూడా ఉంది. గురువారం ఇంకోసారి వస్తుంది.

అప్పటిదాకా నాకు రాయకు. చదవను.

అక్క


పదమూడో గది.
గురువారం సాయంత్రం.

అక్కా,

రాయవద్దన్న గడువు తీరింది కాబట్టి రాస్తున్నాను.

మండలిలో అయిదుగురు. నడుమ కులపతిగారు, పక్కన న్యాయశాస్త్రం చెప్పే ఆవిడ, గ్రంథాలయం పెద్దాయన, ఇంకో ఇద్దరు. పొడుగు బల్ల, దాని మీద పుస్తకం. నేనే మోసుకెళ్ళాను. దూలంగారు నిటారుగా నిలబడి, "నా శిక్షణ మీద సందేహం ఉన్నవారు నా శిష్యుల మాటలే వినవచ్చు. వారి చేతిరాత, వారి సంతకం, వారి కృతజ్ఞత," అని నావైపు తిరిగి, "చదువు" అన్నారు.

అక్కా, ఆయన నిజంగా నమ్ముతున్నాడు. నేనింతవరకు అది గ్రహించలేదు. అది తన నేరాల చిట్టా అని ఆయనకు తోచనే లేదు. బహుమతి పత్రమనుకుంటున్నాడు.

చదివాను. గొంతు ఎత్తలేదు, దించలేదు, ఎక్కడా చమత్కారం చెయ్యలేదు.

"పాఠంలో దగ్గినందుకు బావి దగ్గర తడి అంగీతో ఒక పూట నిలబడ్డాను. ఇందువల్ల నాకు మేలు కలిగింది, కృతజ్ఞుణ్ణి. దగ్గు తగ్గనందుకు మర్నాడు మళ్ళీ నిలబడ్డాను. ఇందువల్ల నాకు మేలు కలిగింది, కృతజ్ఞుణ్ణి. తల్లి పోయిందన్న ఉత్తరం పాఠం మధ్యలో తెరిచినందుకు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇందువల్ల నాకు మేలు కలిగింది..."

గ్రంథాలయం పెద్దాయన చెయ్యెత్తి, "చాలు నాయనా, చాలు," అన్నాడు.

"చదవనివ్వండి," అన్నారు దూలంగారు. "ఇంకా చాలా ఉంది."

న్యాయశాస్త్రం ఆవిడ పేజీలు వెనక్కి తిప్పి, "ఇందులో పెద్ద ఇళ్ళ పిల్లలు ఒక్కరూ లేరేమండీ? వాళ్ళకు దగ్గు రాదా?" అంది.

ఆఖరి పేజీ వచ్చింది. సంతకం పక్కన గోధుమరంగు మచ్చ. కులపతిగారు ఇదేమిటన్నారు. చెప్పాను. డాక్టరుగారి కాగితం ఇచ్చాను. తరువాత అన్నాను, "ఆ ప్రకటన రాసింది నేనండి. కాగితం వాడిది, అడక్కుండా తీసుకున్నాను. వాడు తన్నులు తింటుంటే బుడ్డి పట్టుకుని నిలబడ్డాను. ఈ సంతకాల్లో ఇష్టపూర్వకంగా పెట్టింది ఒక్కటీ లేదు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు."

దూలంగారు ఏం చేశారో చెప్పనా? కలం తీసి సిరాలో ముంచి, పుస్తకం నా ముందుకు తోసి, "అయితే రాయి," అన్నారు. మండలి ముందు! అయిదుగురూ చూస్తుండగా! కొట్టడానికి ఆయన చెయ్యి అప్పటికే లేచి ఉంది. న్యాయశాస్త్రం ఆవిడ లేచి నిలబడి, "దించండి" అంది.

తీర్పు విను, ఒళ్ళు మండకపోతే అడుగు. అత్తిపత్తి బహిష్కరణ రద్దు. సరే. నాకు పట్టా లేదు, నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలి. అదీ సరే, నాకు దక్కవలసిందే. దూలంగారికి మాత్రం అనారోగ్య కారణాల వల్ల గౌరవంగా పదవీ విరమణట! అనారోగ్యం! చెవి పోయింది వాడికి, అనారోగ్యం ఈయనకి! వీడ్కోలు సభ కూడా పెడతారట. ఇక పుస్తకాన్ని "విద్యాలయ ప్రతిష్ఠ దృష్ట్యా" మండలి పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఎవరూ చూడకూడదు. ఆ పేజీల్లో ఉన్నవాళ్ళెవరినీ పిలిచి అడగరు. చదివినప్పుడు కళ్ళొత్తుకున్న గ్రంథాలయం పెద్దాయనే తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

వాడికి ఇదంతా చదివి వినిపించు. క్షమించమని అడిగే మొహం లేదు, కానీ అడుగుతున్నానని చెప్పు.

తమ్ముడు


ఆసుపత్రి.

తమ్ముడూ,

చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఆపమన్నాడు, రెండుసార్లూ మళ్ళీ చదవమన్నాడు. తల్లి ఉత్తరం తెరిచిన అబ్బాయి ఎవరో వాడికి తెలుసట.

పట్టా పోయినందుకు నేను ఏడవలేదు. రాత్రి భోజనం కూడా చేశాను. నెలాఖరుకు సామాను తీసుకుని నా దగ్గరికి రా. ఆయా తన మేనల్లుడి మంచం అడిగి ఉంచింది. నువ్వొస్తే నీతో నాలుగు మాటలున్నాయట, భయపడటం మంచిది.

కింద రాసింది అత్తిపత్తి. నేను చదవలేదు. అబద్ధం, చదివాను.

అక్క


నీ ఉత్తరం విన్నాను. క్షమాపణ సంగతి ఇప్పుడు ఎత్తకు. నాకు కోపంగా ఉంది. అది ఎప్పుడు తగ్గుతుందో నాకే తెలియదు, తగ్గిందో లేదో ఉత్తరాల్లో అడుగుతూ కూర్చోకు.

నీ పేరు చెప్పకపోవడం నీమీద ప్రేమతో కాదు. అడిగిన ప్రతిదానికీ ఆ మనిషికి జవాబు దొరకడం నాకు ఇష్టం లేకపోయింది. అంతకు మించి అందులో త్యాగమేమీ వెతక్కు.

వసంతంలో తిరిగి వచ్చి పరీక్ష రాస్తాను. ముందు వరసలో కూర్చుంటాను.

పుస్తకానికి తాళం వేశారన్నావు. రెండేళ్ళు నువ్వు దాని పక్కనే నిలబడ్డావు. నీకు జ్ఞాపకశక్తి ఎక్కువని నువ్వే చెప్పుకుంటావు. ఎవరిని, ఏ రోజు, ఎందుకు, ఏం చేశాడో మొదటినుంచీ రాసి పంపు. చమత్కారాలు వద్దు. మీ అక్కగారు, ఆయా, నేను మూడు ప్రతులు రాస్తాం. ఒకటి పత్రికకి, ఒకటి న్యాయశాస్త్రం ఆవిడకి, ఒకటి ఆ వీడ్కోలు సభకి.

నాది చివర్న పెట్టు. ముందున్నవాళ్ళు నాకంటే ఎక్కువ కాలంగా ఎదురుచూస్తున్నారు.